మూడు హ్యాండిళ్లు, ఒక నిచ్చెన

జనగామలో ముప్పై ఏళ్లకు పైగా మోటారు సైకిళ్లు బాగుచేశాను. ఇంజను పని తెలిసినవాళ్లు మా రోడ్డు మీద ఇంకా చాలామంది ఉన్నారు గానీ, చేతులు నొప్పి పుట్టకుండా హ్యాండిల్ కుదిర్చేది నేనొక్కణ్ణే. అందుకే అందరూ నన్ను హ్యాండిల్ ఐలయ్య అనేవారు. మా పెళ్లి శుభలేఖ తప్ప మిగతా అన్ని చోట్లా అదే పేరు.

షాపు మూసేసి రెండేళ్లయింది. ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు ఇంటికొచ్చి, "కాకా, హ్యాండిల్ సంగతి జర చెప్పరాదు" అంటారు. నేను మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం దాకా ఆపను. "గదేదో ఒక్కపాలి కాయితం మీద రాసియ్యి, ఇంటికొచ్చినోళ్లన్న బతుకుతరు" అన్నది మా ఆవిడ. అందుకని రాస్తున్నాను.

ముందే చెబుతున్నా, నేను డాక్టర్ను కాను. హ్యాండిల్ మార్చినా వేళ్ల తిమ్మిరి తగ్గకపోతే ఆ మనిషిని దవాఖానకు పంపండి. ఇంకో హ్యాండిల్ అంటగట్టకండి. నేను అంటగట్టాను, ఆ కథే కింద ఉంది.

కళ్లు మూసుకుని చేతులు చాపడం

హ్యాండిల్ అంటే వంగిన గొట్టం, అంతే. కానీ ఆ వంపు ఎవరికి ఎంత ఉండాలన్నదే మన పని అంతా.

హ్యాండిల్ మరీ దూరంగా ఉంటే మనిషి ముందుకు వాలతాడు, ఒంటి బరువంతా మణికట్ల మీద పడి వేళ్లలో చీమలు పాకుతాయి. మరీ ఎత్తుగా ఉంటే భుజాలు చెవుల దగ్గరికి పోతాయి, రాత్రికి మెడ పట్టేస్తుంది. వెడల్పు ఎక్కువైతే మోచెయ్యి కర్రలా బిగుసుకుని, రోడ్డు మీది ప్రతి గుంతా భుజానికి తెలుస్తుంది. వెడల్పు తక్కువైతే నా వంటి పొట్ట ఉన్నవాళ్లకు మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేను చేసేది చాలా తేలిక. బండి స్టాండు వేసి మనిషిని ఎక్కించి, నడుం నిటారుగా పెట్టమనేవాణ్ణి. కళ్లు మూసుకుని చేతులు ముందుకు చాపమనేవాణ్ణి. అవి ఎక్కడ ఆగితే గ్రిప్పులు అక్కడికి రావాలి. మోచెయ్యి కొంచెం వంగి ఉండాలి, మణికట్టు పైకీ కిందికీ విరగకూడదు, క్లచ్చు, బ్రేకు లివర్ల మీద వేళ్లు ముంజేతికి సూటిగా పడాలి. హ్యాండిల్ ఎత్తు పెంచినప్పుడు దాన్ని పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి, వైర్లు గుంజుకుంటున్నాయేమో చూడాలి. ఒకసారి నేను చూడలేదు. ఆ బండి ఎడమకు తిరిగిన ప్రతిసారీ క్లచ్చు దానంతట అదే పట్టుకునేది. దాని యజమాని వారం రోజులు ఎడమకు తిరగకుండా ఊరంతా తిరిగి, చివరికి నా షాపు కుడివైపు ఉండబట్టి రాగలిగాడు.

కుర్రకారు రేసు బండ్లకుండే పొట్టి హ్యాండిళ్లు అడుగుతారు. వద్దనండి. వినకపోతే వేయండి, పాతది మాత్రం పారేయకండి. వాళ్లు నెలలో తిరిగి వస్తారు.

జబ్బార్ ఉస్తాద్ ఇచ్చిన రెండు సంగతులు

పని నేర్చుకున్నది కాజీపేటలో, జబ్బార్ ఉస్తాద్ దగ్గర. పానా పట్టేముందు ఆయన గిరాకీతో కరచాలనం చేసేవాడు. చెయ్యి వదలకుండా బొటనవేలి మొదట్లో నొక్కేవాడు. ఆ మనిషి మొహం చిట్లించాడంటే హ్యాండిల్ తప్పు. ఒకసారి రోడ్డు మీద నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని అలాగే నొక్కుతూ ఉండిపోతే ఆయన లాఠీ తీశాడు. ఉస్తాద్ ఆ చెయ్యి కూడా చూసి, "సాబ్, లాఠీ జర లావుది పట్టున్రి" అన్నాడు.

బండిని కాదు, మనిషిని చూడాలని ఆయన నేర్పాడు. అది మంచి చదువు. ఇంకొకటి కూడా నేర్పాడు, అది చెడ్డ చదువు. తన తప్పును ఆయన జన్మలో ఒప్పుకోలేదు. ఎవరైనా నొప్పి తగ్గలేదని తిరిగొస్తే, "హ్యాండిల్ సహీగున్నది, నీ చెయ్యే టేడాగున్నది, వంకరున్నది పో" అనేవాడు. నేను రెంటినీ కలిపే నేర్చుకున్నాను.

సోమన్న చెయ్యి

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. రోజుకో బంద్, వారానికో బైకు ర్యాలీ. ర్యాలీలో బండి నడక వేగంతో పోవాలి. ఎడమచెయ్యి గంటలకొద్దీ క్లచ్చు మీదనే, కుడిచేత్తో మధ్యమధ్యన జెండా ఊపాలి. ర్యాలీ అయిన మర్నాడు నా షాపు ముందు గిరాకీలు చేతులు పిసుక్కుంటూ వరస కట్టేవారు. ఉద్యమానికి నేను చేసిన సేవ ఇదేనని ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదు.

ఆ వరసలో ఒకరోజు సోమన్న వచ్చాడు. బచ్చన్నపేట మనిషి, గోడల మీద రాతలు రాసే పెయింటరు. ఆ రోజుల్లో జనగామ నుంచి మహబూబాబాద్ దాకా, ఇటు భూపాలపల్లి దాకా గోడల మీద నినాదాలు ఎక్కువగా ఆయన చేతివే. కింద మూలన చిన్నగా 'సోము ఆర్ట్స్' అని ఉండేది. దారం పట్టి గీత గీయకుండానే వరస తిన్నగా వచ్చేది. ఆ గోడల ముందు బండి ఆపి చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

కరచాలనం చేసి బొటనవేలు నొక్కాను. "అబ్బా" అన్నాడు.

"గోడ కాడికి పోయేసరికి చెయ్యి మొద్దుబారుతాంది అన్నా," అన్నాడు. "బ్రష్షు పట్టుకుంటె వేళ్లు నాయి గానట్టే ఉంటున్నయి. తెలంగాణ అని రాస్త గదా, త, ల అన్నీ మంచిగనే వస్తయి. ఆఖర్ల ణ కాడ సుట్టు తిప్పేటప్పుడు వణుకుతాంది."

అసలు భయం అది కాదు. మహదేవపూర్‌లో ఒక గోదాముకు పొడవాటి గోడ ఉంది. దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వరస రాయాలని అక్కడి కమిటీవాళ్లు అనుకున్నారు. అంతలో భూపాలపల్లిలో సోమన్న రాసిన గోడను వాళ్లు చూశారు. అక్కడి ణ జిలేబీలా ఉంది. "రెండు వారాలు జూస్తం, నీ చెయ్యి కుదురుకోకపోతె ఫ్లెక్సీ కొట్టిస్తం" అన్నారట.

"ఒక్క గోడ ఫ్లెక్సీకి పోతె అన్ని గోడలు పోతయన్నా. నాకింక వేరే పని రాదు," అన్నాడు సోమన్న. ఆ మాట అంటూ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు. వేరేవాళ్ల వస్తువును చూస్తున్నట్టు చూశాడు. నాకు జాలేసింది.

మూడు సార్లు సరిగ్గా చేసిన తప్పు

బండి ఎక్కించాను, కళ్లు మూయించాను, చేతులు చాపించాను. కంపెనీ హ్యాండిల్ కొంచెం పల్లంగా ఉందని తోచింది. దాన్ని తీసేసి ఎత్తుగా లేచినది బిగించాను. పాతదాన్ని పక్కనే చాయ హోటల్ నడిపే లచ్చవ్వ అడిగి తీసుకుపోయింది. గుంజకు కొట్టి, దాని మీద తువ్వాళ్లు, జల్లెడలు తగిలించుకుంది.

నాలుగు రోజులకు సోమన్న వచ్చాడు. వేళ్లతో పాటు భుజం కూడా మొదలైందన్నాడు. మళ్లీ కొలిచి తిన్నటిది వేశాను. మూడు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి మెడ కూడా. పాలవాళ్లు వేయించుకునే వెడల్పాటి హ్యాండిల్, వెనక్కి వంగి రెండు చేతులా మనిషిని పిలుస్తున్నట్టుండేది, దాన్ని వేశాను. ఎక్కి కూర్చుని కళ్లు మూసుకుంటే చేతులు వచ్చి సరిగ్గా గ్రిప్పుల మీద వాలాయి. అంత చక్కటి కొలత నా సర్వీసులో కుదరలేదు. నలుగురిని పిలిచి చూపించాను కూడా.

రెండో రోజుకే తిరిగొచ్చాడు. చెయ్యి చెవి దాకా లేవడం లేదు.

నాకు కోపమొచ్చింది. ఆయన మీద కాదు, మూడుసార్లు సరిగ్గా కొలిచీ ఓడిపోయినందుకు. నోట్లోంచి జబ్బార్ ఉస్తాద్ ఊడిపడ్డాడు.

"హ్యాండిల్ సక్కగనే ఉన్నది సోమన్నా. నీ చెయ్యే వంకరున్నది."

ఆయన బండి తాళం తీసుకున్నాడు. "ఉంటదేమో అన్నా" అని వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చేతితో బతికే మనిషిని పట్టుకుని అనే మాటేనా అది?

ఆ సాయంత్రం షాపు కట్టేశాక ఆయనకు ఫోన్ చేసి, మళ్లీ ఎప్పుడు పనికి పోతున్నావని అడిగాను. రేప్పొద్దున బయ్యారం పోతున్నానన్నాడు. "నేనొస్త. ఎనుక కూసోని సూస్త," అన్నాను.

మెడలో నిచ్చెన

పొద్దున షాపు దగ్గరికి పోయేసరికి సోమన్న లచ్చవ్వ హోటల్ ముందు ఉన్నాడు. రెండు రంగు డబ్బాలు తెచ్చి హ్యాండిల్‌కు అటొకటి ఇటొకటి తగిలించాడు. బండి ఎక్కాడు. తర్వాత హోటల్ గోడకు ఆనించిన వెదురు నిచ్చెనను ఎత్తి, రెండు మెట్ల నడిమి సందులో తల దూర్చి, నిచ్చెనను భుజాల మీద పడుకోబెట్టుకున్నాడు. ముందు ఒక మూర, వెనక నాలుగు మూరలు.

నేను బండి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి చూశాను.

"ఏంది సోమన్నా గిది?"

"నిచ్చెన."

"గది కనవడుతాంది. నీ మెడలెందుకున్నది?"

"మరి ఏడ పెట్టాలె అన్నా?"

లచ్చవ్వ గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "గిన్ని రోజుల సంది గట్లనే వస్తాండు, గట్లనే పోతాండు. నిచ్చెన, డబ్బాలు నా కాడ పెట్టి నీ కాడికి ఒట్టిగ వస్తాండు."

"మరి నాకు జెప్పొద్దా అవ్వా?"

"నువ్వడిగినవా? హ్యాండిళ్ల పెద్దమనిషివి నువ్వు. చాయ పోసుకునేదాన్ని, నాకేం తెలుస్తది?"

మూడుసార్లు కొలిచింది నిచ్చెన లేని సోమన్నను. నిచ్చెన ఉన్న సోమన్న వేరే మనిషి.

ఇప్పుడు నేను ఎక్కాలి. వెనక సీటు మీదుగా నిచ్చెన పోతోంది. "గా ఎనుక సందుల తల వెట్టు అన్నా," అన్నాడు సోమన్న, అది రోజూ జరిగే పనే అన్నట్టు. మాటిచ్చాను కాబట్టి పెట్టాను.

ఆ ప్రయాణం గురించి ఎంత తక్కువ చెబితే నా పరువుకు అంత మంచిది. ఇద్దరం ఒకేసారి ఒకే వైపు చూడాలి. ఆయన గేదెను చూడాలని కుడికి తిరిగితే నేనూ గేదెను చూడాల్సిందే. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే మెట్టు వచ్చి గదమ కింద తగిలేది. పాలకుర్తి దాటాక నాకు తుమ్ము వచ్చింది, బండి రోడ్డు దిగింది.

అంత అవస్థలోనూ పని మరవలేదు. చూసిందేమిటంటే, నిచ్చెన జారకుండా ఆయన భుజాలను మొత్తం దారి పైకెత్తే ఉంచుతున్నాడు. డబ్బాలు ఊగి హ్యాండిల్‌ను గుంజుతుంటే, దాన్ని ఆపడానికి గ్రిప్పులను పిండుతున్నాడు. నేను వేసిన వెడల్పు హ్యాండిల్‌కు డబ్బాలు ఇంకా దూరం జరిగి ఇంకా ఎక్కువ గుంజుతున్నాయి. మొదట వేసిన ఎత్తుది భుజాలను ఇంకా పైకి నెట్టి ఉంటుంది. నేను చేసిన ప్రతి వైద్యం రోగానికే బలం.

వినూత్న నిరసన

మహబూబాబాద్ ఇంకా రాకముందే రోడ్డు మీద జనం. రాస్తారోకో. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా బండిని చూసి మైకు పట్టుకున్నాయన ఒక్క క్షణం ఆగాడు.

"సూడున్రి! మన అన్నలు నిచ్చెనల తలకాయలు వెట్టి నిరసన జేస్తాండ్రు! జై తెలంగాణ!"

జనం లేచి మా మీద పడ్డారు. ఆ రోజుల్లో మోకాళ్ల మీద నడిచినవాళ్లున్నారు, సగం గుండు గీయించుకున్నవాళ్లున్నారు. నిచ్చెన మాత్రం ఎవరికీ తట్టలేదు. పూలదండ తెచ్చారు. మెడలో వేయడానికి నిచ్చెన అడ్డం వచ్చి, నిచ్చెనకే వేశారు.

"రంగుల పనికి పోతున్నమన్నా, జర తొవ్వ ఇయ్యున్రి," అన్నాడు సోమన్న. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

మైకు నా గదమ కింద పెట్టారు. "ఎప్పటి సంది గిట్లున్నరన్నా?"

ఏం చెప్పాలో తోచక నిజం చెప్పాను. "జనగామ సంది."

ఆ కేకలు రైల్వే స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి. ఎవరో ఫోటో తీశారు. మర్నాడు జిల్లా పేజీలో పడింది, 'నిచ్చెనలో తలలు పెట్టి వినూత్న నిరసన' అని. మా ఆవిడ ఆ పేపరును నా ముందు పెట్టి, "బయ్యారం బండి పనికి పోయొస్త అంటివి గదా?" అని మాత్రం అడిగింది. తర్వాతి వారం ఇంకో రెండు ఊళ్లలో కూడా జనం నిచ్చెనల్లో తలలు పెట్టి కూర్చున్నారని విన్నాను. వాళ్ల మెడలకు నాదే బాధ్యత.

పులిహోర తినిపించి వదిలారు. బయ్యారం చేరి గోడ ముందు నిచ్చెన వేశాడు సోమన్న. తె రాశాడు, లం రాశాడు, గా రాశాడు. ణ దగ్గర బ్రష్షు ఆగింది. మోచేతిని గోడకు ఆనించి చూశాడు, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని చూశాడు. చుట్టు తిప్పితే గీత వణికింది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ తిప్పాడు. మళ్లీ వణికింది. నిచ్చెన మీదే తల గోడకు ఆనించి ఉండిపోయాడు. కన్నీళ్లు నాకు కనపడకూడదని అలా ఉన్నాడు, నాకు తెలిసిపోయింది.

"సోమన్నా, దిగు," అన్నాను. "నీ చెయ్యి మంచిగనే ఉన్నది. తప్పు నాది."

గిరాకీతో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి. ఉస్తాద్ వింటే షాపులోంచి వెళ్లగొట్టేవాడు.

లచ్చవ్వతో బేరం

మర్నాడు సోమన్నను నిచ్చెనతో, డబ్బాలతో, బ్రష్షుల సంచితో సహా షాపులోకి రమ్మన్నాను. నిచ్చెనను నడిమికి కోసి తలుపు బందులు వేసి మడిచేలా చేశాను. బండి ఎడమ పక్కన, వెనక కూర్చునేవాళ్లు కాలు పెట్టే ఎత్తులో రెండు ఇనుప కొక్కేలు వెల్డింగు చేయించి, నిచ్చెనను వాటిలో పడుకోబెట్టి ట్యూబు రబ్బరుతో కట్టాను. డబ్బాలకు పాలక్యాన్ల మాదిరి వెనక అటూఇటూ కొక్కేలు. అప్పుడు ఎక్కించి కళ్లు మూయించాను. అంతకుముందు ప్రతిసారీ నిచ్చెన దించిన మరుక్షణమే వచ్చి ఎక్కేవాడు, భుజాలు ఇంకా పైకి లేచే ఉండేవి; ఈసారి వెల్డింగు అయ్యేదాకా ఖాళీగా కూర్చుని ఉన్నాడు కాబట్టి కిందికి దిగాయి.

చేతులు వచ్చి ఎక్కడ ఆగాయో చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది కంపెనీ హ్యాండిల్ ఉండే చోటు. మొదటి రోజు నేను తీసి పారేసినదే ఆయనకు సరైనది.

అది లచ్చవ్వ గుంజకు ఉంది, నాలుగు తువ్వాళ్లతో.

"నేనియ్య," అన్నది. "నాకు అలవాటైంది."

"అవ్వా, ఆని బతుకు దాని మీద ఉన్నది."

"నా జల్లెడ కూడ దాని మీదనే ఉన్నది."

చివరికి, దానికి బదులు సోమన్న దగ్గర ఓడిపోయి వచ్చిన మూడు హ్యాండిళ్లూ ఇచ్చాను. లచ్చవ్వ మూడింటినీ కళ్లు మూసుకోకుండానే కొలిచి చూసుకుని ఒప్పుకుంది. పాలవాళ్ల హ్యాండిల్ మీద గరిటెలు బాగా నిలుస్తాయని తర్వాత నాకు చెప్పింది.

పాతది బిగించి, గ్రిప్పుల మీద పాత ట్యూబు చుట్టి కొంచెం లావు చేశాను, పిండే అవసరం లేకుండా. లివర్లను ఒక పిసరు కిందికి తిప్పాను. నాలుగు రోజులు బ్రష్షు పట్టవద్దని ఒట్టు వేయించుకున్నాను.

గడువు తీరే రోజున మహదేవపూర్ పోయాం. అంత దూరమూ మా ఇద్దరి మెడలూ ఖాళీ. గోడ ముందు బండి దిగగానే సోమన్న చేతిని ముడిచి తెరిచి చూసుకున్నాడు. కమిటీ మనిషి ఫ్లెక్సీవాడి నంబరు ఫోన్‌లో పెట్టుకునే నిలబడ్డాడు. సోమన్న ఎక్కాడు. మనిషెత్తు అక్షరాలు. గా అయ్యాక బ్రష్షు రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, ణ చుట్టు ఒక్క గీతలో తిప్పి వదిలాడు. వణకలేదు. కింద ఉన్నవాళ్లంతా అరిచారు. నేను మాత్రం నిచ్చెనను కింద ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఫ్లెక్సీ ముచ్చట ఇగ బంద్," అని కమిటీ మనిషి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బోర్డు

కొన్నాళ్లకు సోమన్న వచ్చి నా షాపుకు బోర్డు రాస్తానన్నాడు. 'హ్యాండిల్ ఐలయ్య' అని పెద్దగా రాసి, కింద ఏం రాయాలని అడిగాడు. "ఎట్ల తోల్తరో అట్లనే రండి," అన్నాను. రాశాడు.

ఆ మాటకు నేను పడ్డ పాట్లు చెప్పలేను. జనం అలాగే వచ్చారు. ట్యాంకు మీద మేకపిల్లతో ఒకాయన, కాళ్ల నడుమ గ్యాసు సిలిండరుతో ఇంకొకాయన, వెనక అత్తగారితో మరొకాయన. ఆ అత్తగారు అల్లుడి రెండు భుజాలూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. "నీకు హ్యాండిల్ అక్కర్లేదు, ఆమెకు పట్టుకోనీకె వెనక కడ్డీ కావాలె" అని వెల్డింగు చేయించి పంపాను. ఆయన ఇప్పటికీ నాకు దండం పెడతాడు. మీరూ అలాగే కొలవండి. బరువుతో, సంచితో, చంటిపిల్లతో, మనిషి రోజూ ఎట్లా కూర్చుంటాడో అట్లా. మన దగ్గర కంపెనీ కూర్చోమన్న చోట కూర్చునేవాడు ఒక్కడూ లేడు.

ఆ బోర్డు ఆరాక సాయంత్రం దగ్గరికి పోయి చూశాను. కింద మూలన, 'సోము ఆర్ట్స్' అని ఉండవలసిన చోట, ఆయన తన పేరు రాసుకోలేదు. చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది. కళ్లద్దాలు తెచ్చుకుని చదివాను.

'ఎవ్వరి చెయ్యి వంకరుండదు.'

చెరపమని నేను అడగలేదు. షాపు మూసిన రోజు దాకా పానా పట్టుకునే ముందు ఒకసారి దాన్ని చదువుకునేవాణ్ణి.